కొట్టకు, మీటు: వేగంగా గిటార్ వాయించే చేతి లెక్క

మొన్నటి సెమిస్టర్ రెండో మిడ్‌లో నేను మూడో ప్రశ్న సగంలో పెన్ను కింద పెట్టేశాను. జవాబు రాక కాదు. కుడి మణికట్టు పైభాగం నుంచి మోచేతి దాకా ఒకటే లాగుడు, పెన్ను పట్టుకుంటే వేళ్ళు వణికాయి. ఇన్విజిలేటర్ మేడమ్ దగ్గరికొచ్చి "ఏం బాబూ, రాయడం అయిపోయిందా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. గిటార్ వాయించి చెయ్యి నొప్పి పుట్టిందంటే ఆవిడ నమ్ముతారా?

అప్పటికి ఫెస్ట్‌కి నాలుగు వారాలుంది. మా బ్యాండ్ వాయించబోయే పాట మధ్యలో నాకు పన్నెండు బార్ల సోలో ఉంది. వేగం 160 బీపీఎం, బీట్‌కి నాలుగు స్వరాలు. లెక్క వేస్తే సెకనుకి పదిన్నర పైన, అంటే ఒక్కో స్వరానికి 94 మిల్లీసెకన్లు. నా చెయ్యి మాత్రం 130 దగ్గర ఆగిపోయింది. రెండు నెలలుగా అక్కడే. వేగం రావట్లేదంటే బలం చాలట్లేదేమో అనుకుని ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసేపు వాయించాను. ఫలితం ఆ మిడ్ పేపర్.

రిహార్సల్‌లో మా సీనియర్ అన్న ఒకడు కాసేపు నన్నే చూసి, "తమ్ముడూ, గిటార్ వాయిస్తున్నావా, కట్టెలు కొడుతున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. రూముకొచ్చాక ఆలోచిస్తే నవ్వు రాలేదు. డప్పు కొడతాం, వీణ మీటుతాం. మాటలోనే తేడా ఉంది. నేను ఇన్నాళ్ళూ గిటార్‌ని కొట్టాను.

ఆ తర్వాత నేను చేసిన లెక్కలు, పరీక్షలు, మార్చుకున్న అలవాట్లు ఇక్కడ రాస్తున్నాను. మన కాలేజీలో గిటార్ వాయించేవాళ్ళకి పనికొస్తుంది. వాయించనివాళ్ళకి, ఇంజనీరింగ్ మెకానిక్స్ ఒక్కసారైనా నిజజీవితంలో పనికొచ్చిందని తెలుస్తుంది. పిక్‌తో తీగను ఒకసారి తాకడాన్ని వీణవాళ్ళ మాటలోనే 'మీటు' అంటాను. పైనుంచి కిందికి పోతే కింది మీటు, కిందినుంచి పైకి వస్తే పై మీటు.

అసలు జబ్బు ఎక్కడ పుట్టింది

ఎలక్ట్రిక్ గిటార్‌లో శబ్దం చెక్కలోంచి రాదు. తీగ కింద పికప్ ఉంటుంది, అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ చుట్ట. స్టీల్ తీగ కదిలినప్పుడు ఆ చుట్టలోంచి వెళ్ళే అయస్కాంత ఫ్లక్స్ మారుతుంది, వోల్టేజ్ పుడుతుంది. ఫారడే నియమం, ఇంటర్‌లో చదివిందే. ఆ చిన్న వోల్టేజ్‌ని పెద్దది చేసే పని ఆంప్లిఫైయర్‌ది. శబ్దం చాలకపోతే తిప్పాల్సింది నాబ్, పెంచాల్సింది చేతి బలం కాదు.

ఇది నాకు తెలీదా అంటే తెలుసు. కానీ హాస్టల్లో రాత్రి పదకొండు తర్వాత ఆంప్ పెడితే ఊరుకుంటారా? ఏడాదిన్నర పాటు గిటార్‌కి కేబుల్ పెట్టకుండానే ప్రాక్టీస్ చేశాను. కేబుల్ లేని ఎలక్ట్రిక్ గిటార్ దోమ పాడినట్టు వినిపిస్తుంది. నా స్వరం నాకు వినపడాలి కాబట్టి తెలియకుండానే గట్టిగా కొట్టడం మొదలుపెట్టాను. పైన ఫ్యాను శబ్దం, దాన్ని దాటాలని ఇంకాస్త గట్టిగా. మా రూమ్మేట్ దుప్పటి ముసుగులోంచి "రేయ్, ఆ టకటక ఆపరా, నిద్ర పట్టట్లేదు" అనేవాడు. వాడికి వినిపించింది స్వరం కాదు, పిక్ తీగను గుద్దుకుంటున్న చప్పుడు. జబ్బు గురించి మొదట చెప్పింది వాడే, నేనే వినలేదు.

తీగ అడిగేది ఎంత?

సాధారణంగా వాడే 10-46 సెట్‌లో సన్నటి తీగ మందం అంగుళంలో వెయ్యికి పది వంతులు, అంటే పావు మిల్లీమీటర్. ఇరవై ఐదున్నర అంగుళాల, అంటే 648 మిల్లీమీటర్ల పొడవున దాన్ని మామూలు శ్రుతికి బిగిస్తే టెన్షన్ సుమారు 72 న్యూటన్లు, ఏడు కిలోల పైచిలుకు బరువు వేలాడదీసినంత.

ఈ తీగను బ్రిడ్జి నుంచి 100 మిల్లీమీటర్ల దూరంలో పిక్‌తో పక్కకి 1 మిల్లీమీటర్ లాగామనుకోండి. తీగ రెండు వైపులా చిన్న కోణంలో వంగుతుంది. ఆ రెండు వైపుల టెన్షన్‌లో అడ్డంగా ఉండే భాగాల్ని కూడితే కావాల్సిన బలం వస్తుంది. టెన్షన్‌ని దూరంతో గుణించి, ఒకసారి 100తో, ఒకసారి మిగిలిన 548తో భాగించి, రెండూ కలపాలి. జవాబు 0.85 న్యూటన్. ఎనభై ఏడు గ్రాముల బరువు, ఒక కోడిగుడ్డున్నర బరువు అనుకోండి. ఫిజిక్స్ ల్యాబ్ నుంచి స్ప్రింగ్ బ్యాలెన్స్ అడిగి తెచ్చి చూస్తే కూడా దాదాపు అంతే వచ్చింది.

తీగ నన్ను అడుగుతున్నది ఇంతే. 3 మిల్లీమీటర్లు లాగితే బలం మూడు రెట్లవుతుంది, తీగలో దాచే శక్తి మాత్రం తొమ్మిది రెట్లవుతుంది. ఆ మూడు మిల్లీమీటర్లూ నేను కావాలని లాగట్లేదు. పిక్ కొన తీగల మధ్యకి ఎంత లోతుగా దిగితే, తీగ అంత దూరం దాని వెంట వచ్చి ఆ తర్వాతే జారి తప్పించుకుంటుంది. ఆ జారే క్షణంలో అప్పటిదాకా ఎదురు తోసిన బలం ఒక్కసారిగా మాయమై చెయ్యి ముందుకి విసురుగా పోతుంది. దాన్ని ఆపి వెనక్కి తేవడానికి మళ్ళీ బలం. ఇది సెకనుకి పదిసార్లు జరుగుతోందన్నమాట.

ఇంకో సంగతి. ఇదే లెక్క బ్రిడ్జికి 50 మిల్లీమీటర్ల దగ్గర చేస్తే 1 మిల్లీమీటర్‌కి 1.56 న్యూటన్లు వస్తుంది. బ్రిడ్జి వైపు జరిగితే తీగ బిగుసుగా, మెడ వైపు జరిగితే మెత్తగా అనిపించడం మన భ్రమ కాదు. చేతికి తీగ అంతు చిక్కట్లేదనిపిస్తే ఒక అంగుళం అటో ఇటో జరిగి చూడండి.

చెయ్యి అడిగేది ఎంత?

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచిన లెక్క ఇది. చెయ్యి ఒకసారి కిందికి, ఒకసారి పైకి, ఊయలలా ఊగుతోంది కదా. 160 బీపీఎం దగ్గర సెకనుకి 10.67 మీట్లు, అంటే 5.33 పూర్తి ఊపులు. దీన్ని సింపుల్ హార్మోనిక్ మోషన్ అనుకుంటే గరిష్ఠ త్వరణం ఊపు వెడల్పుకి అనులోమంగా, వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. వేగం రెట్టింపు చేస్తే చెయ్యి తిప్పే బలం నాలుగు రెట్లు కావాలి.

నా మీటు వెడల్పు ఎంతో చూద్దామని ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాను. సెకనుకి 240 ఫ్రేములు, అంటే ఈ వేగంలో ఒక్కో మీటుకి 22 ఫ్రేముల పైనే. చూసి నోరు తెరిచాను. పిక్ 20 మిల్లీమీటర్ల మేర ఊగుతోంది! పక్కపక్క తీగల మధ్య దూరం పదిన్నర మిల్లీమీటర్లే. అంటే ఒక తీగను మీటడానికి రెండు తీగల మేర తిరిగొస్తున్నాను. 20 మిల్లీమీటర్ల ఊపుకి త్వరణం 11 మీటర్ల పైన, గురుత్వ త్వరణం కంటే ఎక్కువ. అదే 5 మిల్లీమీటర్లయితే 2.8 మాత్రమే.

అరచెయ్యి బరువు సుమారు 400 గ్రాములు అనుకుని, అది మణికట్టు చుట్టూ తిరుగుతుంది కాబట్టి మూడో వంతే లెక్కలోకి తీసుకుంటే, పెద్ద ఊపుకి దాదాపు ఒకటిన్నర న్యూటన్, చిన్న ఊపుకి 0.37. ఇవి ఉజ్జాయింపు అంకెలే. కానీ విషయం తేటగా ఉంది. తీగను సున్నితంగా మీటడానికి ఒక న్యూటన్ కూడా అక్కర్లేదు, మిగతా బలమంతా నేను నా చేతిని అటూ ఇటూ విసిరి మళ్ళీ పట్టుకోవడానికే ఖర్చు చేస్తున్నాను. కష్టమంతా గాల్లో పోతోంది.

దీనికి తోడు ఇంకోటి. మణికట్టుని ఒకవైపు వంచే కండరాలు వేరు, రెండోవైపు వంచేవి వేరు. ఒకటి లాగుతుంటే రెండోది వదలాలి. గట్టిగా కొట్టాలన్న కంగారులో రెండూ ఒకేసారి బిగుసుకుంటాయి. అంటే బ్రేకు తొక్కి పెట్టి యాక్సిలరేటర్ ఇవ్వడం. బండి కదలదు, ఇంజను వేడెక్కుతుంది. నా ముంజేతికి జరిగింది సరిగ్గా అదే.

గట్టిగా కొడితే స్వరానికి ఏమవుతుంది?

చెయ్యి సంగతి పక్కన పెట్టినా శబ్దానికి కూడా లాభం లేదు.

మొదటిది శ్రుతి. తీగను పక్కకి లాగితే అది సాగుతుంది, టెన్షన్ పెరుగుతుంది, స్వరం కాస్త పైకి పోతుంది. ఈ పెరుగుదల లాగిన దూరం వర్గం ప్రకారం ఉంటుంది. మూడు రెట్లు లాగితే తొమ్మిది రెట్లు. ట్యూనర్ పెట్టి ఒకసారి మెల్లగా, ఒకసారి బలంగా మీటండి. బలంగా మీటినప్పుడు ముల్లు ముందు పైకి పోయి, తర్వాత అసలు చోటికి దిగుతుంది. వేగంగా వాయించేటప్పుడు అది దిగేలోపే తర్వాతి స్వరం వచ్చేస్తుంది. అంటే సోలో మొత్తం కొంచెం శ్రుతి తప్పే ఉంటుంది.

రెండోది గరగర. 12వ ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఖాళీ సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు. అంతకు మించి ఊగమంటే తీగ ఎక్కడికి పోతుంది? ఫ్రెట్లకి తగులుతుంది.

మూడోది డిస్టార్షన్. గెయిన్ బాగా పెంచిన ఆంప్ సిగ్నల్ శిఖరాల్ని కత్తిరించేస్తుంది. ఒక హద్దు దాటాక ఎంత గట్టిగా కొట్టినా శబ్దం పెరగదు. మెల్లగా మీటిన స్వరం, గట్టిగా కొట్టిన స్వరం దాదాపు ఒకే ఎత్తులో బయటికొస్తాయి. అదనంగా వచ్చేది పిక్ చప్పుడు, పక్క తీగల రొద.

మరి ఎలా పట్టుకోవాలి?

లోతు: పిక్ కొన మాత్రమే, 1 నుంచి 2 మిల్లీమీటర్లు, తీగను దాటాలి. అలవాటు చేసుకోవడానికి నేను పిక్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇంకా లోపలికి జరిపి, కొన చిన్నగా బయటికి కనిపించేలా పట్టుకున్నాను.

కోణం: పిక్‌ని తీగకి పూర్తి సమాంతరంగా పెడితే బల్లపరుపుగా తగిలి ఎదురు తోస్తుంది. కొద్దిగా తిప్పి అంచుతో తగిలేలా పెడితే తీగ మీద నుంచి జారిపోతుంది. మరీ తిప్పితే బరబరమని గీకిన శబ్దం వస్తుంది, కాబట్టి చెవితో చూసుకోవాలి.

మందం: నేను వాడింది 0.60 మిల్లీమీటర్ల పిక్. మెత్తటి పిక్ ముందు తాను వంగి తర్వాత తీగను కదుపుతుంది, ఆ ఆలస్యం వేగంలో తెలుస్తుంది. పైగా అది వంగిపోతోందని చెయ్యి ఇంకా నొక్కుతుంది. వేగంగా వాయించేవాళ్ళలో చాలామంది మందపాటివి వాడతారు. పేరున్న జాజ్ త్రీ పిక్ మందం 1.38 మిల్లీమీటర్లు. నేను 1.14కి మారాను. వారం రోజులు చేతికి పరాయిగా అనిపించింది, తర్వాత పాతది పట్టుకుంటే కాగితం ముక్కలా ఉంది.

పట్టు: వాయిస్తుండగా ఎవరైనా పిక్ లాగితే సులువుగా ఊడిరావాలి, కానీ దానంతటదే జారిపోకూడదు. మా రూమ్మేట్ చేత లాగించి చూసుకున్నాను. మొదటి రోజు వాడు రెండు చేతులు వేయాల్సి వచ్చింది.

తీగ మారేచోట వచ్చే చిక్కు

ఇవన్నీ సరిచేశాక ఒకే తీగ మీద 160 దాకా పోగలిగాను. తీగ మారగానే మళ్ళీ తడబాటు. ఇది బలం సమస్య కాదు, దారి సమస్య.

చెయ్యి సరిగ్గా తీగల తలానికి సమాంతరంగా ఊగుతుంటే, ఏ మీటు అయినా పిక్ రెండు తీగల మధ్య సందులోనే ఆగుతుంది. పక్క తీగకి పోవాలంటే ఎగిరి దూకాలి. ఊపుని కొంచెం వాలుగా పెడితే ఒక చివర పిక్ తీగల పైకి తేలుతుంది, రెండో చివర సందులో ఉంటుంది. నాది పై మీటు చివర తేలే చెయ్యి. కాబట్టి తీగ మారడానికి నాకు తలుపు తెరుచుకునేది పై మీటు తర్వాతే.

స్వీడన్ గిటారిస్ట్ ఇంగ్వే మాల్మ్‌స్టీన్ 1984లో 'రైజింగ్ ఫోర్స్' ఆల్బమ్‌తో ప్రపంచాన్ని అదరగొట్టాడు. ఆయన వేగం వెనక ఉన్న ఈ ఏర్పాటుని అమెరికా గిటారిస్ట్ ట్రాయ్ గ్రేడీ వీడియోల్లో విడదీసి చూపించాడు. మాల్మ్‌స్టీన్ చాలా చోట్ల తీగకి సరిసంఖ్యలో మీట్లు ఉండేలా స్వరాల్ని పేరుస్తాడు. కింది మీటుతో మొదలుపెట్టి సరిసంఖ్యలో వాయిస్తే చివరిది ఎప్పుడూ పై మీటే, తలుపు తెరిచే ఉంటుంది. బేసి వచ్చి సన్న తీగ వైపు పోవాల్సివస్తే, కింది మీటుని ఆపకుండా అదే తోపులో పక్క తీగ మీదికి జార్చేస్తాడు.

నా సోలోలో తీగకి మూడేసి స్వరాలు. కింద, పైన, కింద, అక్కడ పిక్ సందులో ఇరుక్కుంటోంది. నేను దాన్ని బలంతో పీకుతున్నాను. మందు చాలా చిన్నది. మూడో స్వరాన్ని పిక్‌తో వాయించకుండా ఎడమచేతి వేలితో ఫ్రెట్ మీద తట్టి పలికించాను, హామర్ ఆన్ అంటారు. ఇప్పుడు కింద, పైన, తట్టు. చివరి మీటు పై మీటు. మూడు స్వరాలకి రెండే మీట్లు, పైగా తీగ మారడానికి ఒక స్వరమంత ఖాళీ సమయం కూడా దొరికింది.

ఇది మోసం కదా అని మొదట్లో అనిపించింది. కాదు. బ్రిటిష్ గిటారిస్ట్ అలన్ హోల్డ్స్‌వర్త్ శైలి మొత్తం ఎడమచెయ్యి పలికించే స్వరాల మీదే నిలబడింది. అంత దూరం ఎందుకు, మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌ని వినండి. జంట తీగల మాండొలిన్‌ని ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మార్చుకుని దాని మీద కర్ణాటక సంగీతం పలికించారు, జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి'లో వాయించారు. గమకం అంటేనే ఒక్క మీటులో ఎడమచెయ్యి స్వరాన్ని నడిపించడం. ప్రతి స్వరానికీ ఒక దెబ్బ వేయాలన్న రూలు మన సంగీతంలో ఎప్పుడూ లేదు.

గట్టిగా వాయించడం ఎప్పుడూ తప్పేనా?

కాదు. మెటాలికా జేమ్స్ హెట్‌ఫీల్డ్ 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' రిఫ్‌ని మొత్తం కింది మీట్లతోనే వాయిస్తాడు. ఆ పాట వేగం 210 బీపీఎం పైన, బీట్‌కి రెండు మీట్లు, అంటే సెకనుకి ఏడు. కింది మీట్లు మాత్రమే వాయిస్తే ప్రతి దానికీ చెయ్యి ఖాళీగా పైకి రావాలి. అంటే ఆయన చెయ్యి ఊగే వేగం, మామూలుగా కిందికీ పైకీ వాయించేవాడు సెకనుకి పద్నాలుగు స్వరాలు వాయించినంత! ఆ బరువైన శబ్దం కావాలంటే ఆ ఖర్చు పెట్టాల్సిందే. రిఫ్‌కి అవసరమైన బలం సోలోకి అక్కర్లేదు. నాకున్నది ఒకటే గేరు, అదే నా తప్పు.

నేను చేసిన ప్రాక్టీస్

ముందు వారం రోజులు గిటార్ ముట్టలేదు. హెల్త్ సెంటర్ డాక్టర్ గారు విశ్రాంతి అన్నారు, పాటించాను. నొప్పి వస్తే "ఇంకొంచెం ఓర్చుకుంటే అలవాటవుతుంది" అనుకోకండి. అలసట వేరు, నొప్పి వేరు. నొప్పి, తిమ్మిరి వస్తే ఆపేసి డాక్టర్‌ని కలవండి.

తర్వాత సీనియర్ దగ్గర పాత హెడ్‌ఫోన్ ఆంప్ కొన్నాను. అసలు జబ్బుకి మందు అదే. స్వరం చెవిలో పెద్దగా వినిపిస్తుంటే చెయ్యి తనంతట తానే మెత్తబడింది.

రోజూ చేసినవి మూడు. ఒకటి, వినపడీ వినపడనంత మెల్లగా ఐదు నిమిషాలు ఒకే తీగ మీద మీటడం. రెండు, నాలుగు మీట్లకి ఒకటి మాత్రం బలంగా, మిగతా మూడూ తేలిగ్గా. బలం నా చేతిలో ఉందా, నేను బలం చేతిలో ఉన్నానా అనేది ఇందులో తేలిపోతుంది. మూడు, పూర్తి వేగంలో ఐదు స్వరాలు మాత్రమే వాయించి ఆగడం, చెయ్యి పూర్తిగా వదిలేయడం, మళ్ళీ ఐదు. నెమ్మదిగా వాయించేటప్పుడు పెద్ద ఊపు కూడా సరిపోతుంది, అది తప్పని చేతికి తెలియదు. వేగంలోనే తెలుస్తుంది. అందుకే వేగాన్ని కొద్దికొద్దిగా రుచి చూపించాలి. వారానికోసారి స్లో మోషన్ వీడియో. 20 మిల్లీమీటర్లు 12 అయింది, తర్వాత 8.

ఫెస్ట్‌లో 160కి వాయించానా? లేదు. మూడు వారాల్లో అద్భుతాలు జరగవు. డ్రమ్మర్‌ని బతిమాలి పాటని 152కి తగ్గించాం. రెండు స్వరాలు తప్పాయి, అవి నాకు మాత్రమే తెలుసు, ఇప్పుడు మీకూ. కానీ దిగాక చెయ్యి చాపి చూసుకుంటే వణుకు లేదు. మర్నాడు ల్యాబ్ రికార్డు ఇరవై పేజీలు రాశాను.

ఆ రాత్రే అనుకుంటా, గంటసేపు ప్రాక్టీస్ చేసి గిటార్ గోడకి ఆనించి పడుకోబోతుంటే రూమ్మేట్ నిద్రలోంచి లేచి అడిగాడు.

"ఏరా, ఇవాళ వాయించట్లేదా?"

"ఇప్పటిదాకా వాయించాను రా."

"నాకేం వినపడలేదే" అని అటు తిరిగి పడుకున్నాడు. ఈ సెమిస్టర్‌లో నాకు దొరికిన అతి పెద్ద మెచ్చుకోలు అదే.